హక్కుల ఉల్లంఘన నివేదిక: కోపం తీసేస్తూ నిజం పోకుండా భాష సరిదిద్దడం ఎలా

లాకప్ మరణం, ఎన్‌కౌంటర్, పోడు భూముల్లో (అడవిలో కొట్టుకుని సాగు చేసుకునే భూముల్లో) పంట ధ్వంసం, కులం పేరుతో దాడి. ఉత్తర తెలంగాణలో ఇలాంటి ఘటనల మీద నివేదిక రాసేవాళ్లకు తరచూ వినిపించే సలహా ఒకటుంది: “భాష కొంచెం తగ్గించండి.” ఈ మాట పై అధికారి అంటాడు, సంఘంలోని పెద్దమనిషి అంటాడు, ఒక్కోసారి కేసు వాదించే వకీలు కూడా అంటాడు. వాళ్లు ముగ్గురూ కోరేది ఒకటే కాకపోవచ్చు. వకీలు తిట్లు తీసేయమంటున్నాడు. పై అధికారి ఎస్‌ఐ పేరు తీసేయమంటున్నాడేమో చూసుకోవాలి.

నివేదికలో భాష తగ్గించాల్సిందే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయితే తగ్గాల్సింది రాసినవాడి ఆవేశం మాత్రమే. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎప్పుడు, దేనితో, ఏం చేశారు అన్న ఆరింటిలో ఒక్కటి తగ్గినా, దాన్ని భాష సవరించడం అనకూడదు. అది సాక్ష్యాన్ని చెరిపేయడం. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో, వాక్యం వాక్యంగా పని ఎలా చేయాలో ఈ వ్యాసంలో చెప్తాను. మానవ హక్కుల కమిషన్‌కు నివేదిక రాసే విచారణ అధికారికి, నిజనిర్ధారణకు వెళ్లొచ్చిన సంఘానికి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పనిచేసే పారా లీగల్ వలంటీర్‌కు, కాకతీయ యూనివర్సిటీలో లా చదివే విద్యార్థికి ఇది పనికొస్తుంది. ఉదాహరణ వాక్యాలు నేను కల్పించినవి, ఏ ఒక్క కేసువీ కావు. మిగతాచోట్ల ఇచ్చిన తేదీలు, చట్టాలు, ఘటనలు మాత్రం నిజమైనవి.

వరంగల్‌లో ఈ పని చేసినవాళ్లు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబర్ 3న ఈ ఊళ్లోనే కాల్చి చంపారు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి నివేదికలు రాశారు. వాళ్లు పనిచేసిన చోట కూర్చుని రాస్తున్నప్పుడు ప్రతి మాటకూ ఆధారం అడగడం మన బాధ్యత.

మొదట: చదివేది ఎవరో తేల్చుకోండి

జాతీయ మానవ హక్కుల కమిషన్, రాష్ట్ర కమిషన్, మేజిస్ట్రేట్, ఎస్సీ ఎస్టీ కమిషన్, పత్రికలు. వీటన్నిటికీ ఒకే నివేదిక పంపడం మనకు అలవాటు. పంపొచ్చు, కానీ రాసేటప్పుడు వీళ్లందరిలోకీ ఎక్కువ అనుమానంతో చదివే మనిషిని మనసులో పెట్టుకోండి. ఆ మనిషి ప్రభుత్వం తరఫు వకీలు. నివేదికలో ఒక్క అతిశయోక్తి దొరికితే చాలు, దాన్ని చూపించి మిగతా ఇరవై పేజీలూ అలాంటివేనంటాడు.

గడువు కూడా ఇక్కడే చూసుకోవాలి. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 36(2) ప్రకారం, ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టకూడదు. భాష సరిదిద్దుతూ నెలలు గడిపేయకండి. ఘటన తేదీని మొదటి పేజీలోనే, మొదటి పేరాలోనే రాయండి.

చిత్తుప్రతి మీద మూడు రంగుల పెన్నులు

మొదటి చిత్తుప్రతిలో కోపం ఉంటుంది. ఉండనివ్వండి. మార్చురీ ముందు ఒక తల్లిని చూసి వచ్చినవాళ్లు చల్లగా రాయలేరు, రాయాల్సిన పని కూడా లేదు. రాసేసి ఒక రాత్రి పక్కన పెట్టండి. మర్నాడు మూడు రంగుల పెన్నులు తీసుకుని కూర్చోండి.

మీరు కళ్లారా చూసినదాని కింద, కాగితం రూపంలో చేతికందినదాని కింద నీలం గీత. ఒకరు చెప్పగా విన్నదాని కింద ఆకుపచ్చ గీత. మీరు అనుకున్నది, ఊహించింది, తేల్చింది ఏదైనా దాని కింద ఎర్ర గీత. ఒకే వాక్యంలో రెండు రంగులు పడితే దాన్ని రెండు వాక్యాలుగా విరగ్గొట్టండి. నివేదికలో మూడు వంతుల గొడవ ఈ ఒక్క పనితోనే సర్దుకుంటుంది. “పోలీసులు కొట్టడం వల్ల చనిపోయిన యువకుడి ఒంటి మీద గాయాలున్నాయి” అనే వాక్యం చూడండి. గాయాలు నీలం, కొట్టారన్నది ఆకుపచ్చ, దానివల్లే చనిపోయాడన్నది ఎరుపు. మూడూ ఒకే ఊపిరిలో వచ్చేశాయి.

కర్త ఎక్కడ?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. తెలుగులో కర్త లేకుండా ఎంత పెద్ద వాక్యమైనా హాయిగా నడుస్తుంది. “రాత్రి వచ్చి తీసుకెళ్లారు, రెండు రోజులు ఉంచుకుని కొట్టారు.” మాట్లాడేటప్పుడు ఇది సరిపోతుంది, ఎందుకంటే ఎవరి గురించో అందరికీ తెలుసు. నివేదికలో సరిపోదు. వచ్చినవాళ్లు సివిల్ పోలీసులా, స్పెషల్ పార్టీ పోలీసులా, అటవీ శాఖ బేస్ క్యాంపు సిబ్బందా? తీసుకెళ్లినవాళ్లూ కొట్టినవాళ్లూ ఒకరేనా?

బహువచనంతో ఇంకో చిక్కు ఉంది. “ఎస్‌ఐ వచ్చారు, తలుపు తన్నారు” అంటే ఒక్కడా, నలుగురా? మర్యాద కోసం వాడిన బహువచనం, నిజంగా పలువురు ఉన్న బహువచనం రాతలో ఒకేలా కనిపిస్తాయి. అందుకే సంఖ్య రాయండి: “ఎస్‌ఐతో పాటు ముగ్గురు కానిస్టేబుళ్లు వచ్చారు. తలుపు తన్నింది కానిస్టేబుళ్లలో ఒకరు.” సాక్షికి సంఖ్య గుర్తులేకపోతే “నలుగురైదుగురు ఉంటారని సాక్షి చెప్పారు” అని రాస్తే చాలు.

ఆఫీసు తెలుగులో కర్తను దాచడానికి తయారుగా ఉండే మాటలు కొన్ని ఉన్నాయి. “కాల్పులు జరిగాయి”, “బలప్రయోగం చేయవలసి వచ్చింది”, “పరిస్థితి అదుపు తప్పింది”, “మృతి చెందడం జరిగింది”. ఇవి కనిపించిన ప్రతిచోటా ఆగి అడగండి: కాల్చింది ఎవరు? బలం ప్రయోగించింది ఎవరు? జవాబు తెలిస్తే పేరు కానీ హోదా కానీ రాయండి. తెలియకపోతే “కాల్చింది ఎవరో నిర్ధారించలేకపోయాం” అని బాహాటంగా రాయండి. తెలియదని ఒప్పుకున్న వాక్యం విచారణ ఎక్కడ మొదలవ్వాలో చూపిస్తుంది. “కాల్పులు జరిగాయి” అనే వాక్యంతో విచారణ అక్కడే ముగిసిపోతుంది.

ఒకే ఘటనను మూడు రకాలుగా రాసి చూద్దాం.

ఆవేశంతో రాసింది: “మానవత్వం మరిచిన పోలీసులు అమాయక యువకుడిని అక్రమంగా ఎత్తుకెళ్లి, రాక్షసంగా హింసించి పొట్టన పెట్టుకున్నారు.”

“తగ్గించి” రాసింది: “విచారణ నిమిత్తం స్టేషన్‌కు పిలిపించిన యువకుడు అస్వస్థతకు గురై చికిత్స పొందుతూ మృతి చెందడం జరిగింది.”

సరిదిద్ది రాసింది: “మార్చి 3న సాయంత్రం సుమారు 5 గంటలకు ఇద్దరు కానిస్టేబుళ్లు యూనిఫాం లేకుండా వచ్చి ఈ 24 ఏళ్ల యువకుడిని బైకు మీద స్టేషన్‌కు తీసుకెళ్లారని ఆయన తల్లి, పక్కింటివాళ్లు ఇద్దరు చెప్పారు. మార్చి 5న ఉదయం 7 గంటలకు ఆయన్ను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తెచ్చారని, అప్పటికే ప్రాణం లేదని ఆసుపత్రి రికార్డులో ఉంది. ఈ 38 గంటల్లో ఆయన్ను మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినట్టు ఏ కాగితమూ మాకు చూపించలేదు. రెండు అరికాళ్ల మీద, తొడల వెనక కమిలిన గాయాలున్నట్టు పోస్టుమార్టం నివేదికలో నమోదైంది.”

మూడో దాంట్లో ఒక్క తిట్టు లేదు. చదివినవాడికి మాత్రం నిద్ర పట్టదు. మొదటి వాక్యాన్ని కొట్టిపారేయడం తేలిక, రెండోదాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేదు, మూడోదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి.

విశేషణాలు తీసేయండి, క్రియలను బరువుతో తూచండి

కిరాతకంగా, దారుణంగా, అమానుషంగా, విచక్షణారహితంగా, కన్నీరుమున్నీరుగా: ఇవన్నీ పోవాలి. పెద్ద ఆలోచన అక్కర్లేదు, కొట్టేసుకుంటూ వెళ్లండి. “అమాయక” కూడా పోవాలి. దొంగతనం చేసినవాడినైనా కొట్టి చంపే హక్కు ఎవరికీ లేదు. చనిపోయిన మనిషి అమాయకుడని మనం మొదలుపెడితే, అతని మీద పాత కేసు ఒకటి బయటికి తీసి మన వాదనంతా కూలగొడతారు.

క్రియలు మాత్రం జాగ్రత్తగా చూడాలి. చితకబాదారు, కొట్టారు, నెట్టారు, చెయ్యి చేసుకున్నారు: వీటి మధ్య తేడా తీవ్రతలోనే ఉందనుకోవద్దు, జరిగిన పనే వేరు. పత్రికల మాట “చితకబాదారు” తీసేసి “కొట్టారు” అని పెట్టి వదిలేస్తే సగం సమాచారం పోతుంది. “లాఠీతో అరికాళ్ల మీద సుమారు అరగంట కొట్టారని చెప్పారు” అంటే పూర్తవుతుంది. “శారీరకంగా హింసించారు” కంటే ఇది చల్లగానూ ఉంటుంది, బరువుగానూ ఉంటుంది.

ఎంతవరకు తెలుసో అంతే చెప్పండి

“అని” వాడే విధానంలో ఒక ప్రమాదం ఉంది. మన వాక్యంలో “చెప్పారు” చివర్లో వస్తుంది. ఏడు లైన్ల వాక్యం రాసి చివర్లో “అని మృతుడి భార్య తెలిపారు” అంటే, అక్కడిదాకా చదివినవాడు అదంతా మీరు నిర్ధారించిన నిజమనుకుంటాడు. మాట ఎవరిదో ముందే చెప్పండి: “మృతుడి భార్య చెప్పినదాని ప్రకారం...” తర్వాత చిన్న చిన్న వాక్యాలు. ప్రతి మూడు నాలుగు వాక్యాలకు ఒకసారి “ఆమె ఇంకా చెప్పింది ఇది” అని గుర్తుచేయండి.

“ఆరోపణ” అనే మాటను పొదుపుగా వాడండి. కుటుంబం చెప్పిన ప్రతిదానికీ “ఆరోపించారు”, పోలీసులు చెప్పిన ప్రతిదానికీ “తెలిపారు”, “వెల్లడించారు” అని రాయడం మన పత్రికల్లో, ఫైళ్లలో పాతుకుపోయింది. ఇది పక్షపాతం. ఇద్దరికీ “చెప్పారు” అనే రాయండి.

వైద్య సాక్ష్యం విషయంలో మాటల మెట్లు ముందే కట్టి ఉన్నాయి. చిత్రహింసల దర్యాప్తు కోసం 1999లో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్, బాధితుడు చెప్పినదానికీ గాయానికీ ఉన్న సంబంధాన్ని ఐదు స్థాయిలుగా విడదీసింది. పొంతన లేదు. పొంతన ఉంది, కానీ ఇతర కారణాలు చాలా ఉండొచ్చు. గట్టి పొంతన ఉంది, ఇతర కారణాలు కొన్నే. ఇలాంటి దెబ్బకు సాధారణంగా కనిపించే గాయమే, అయినా వేరే కారణం ఉండొచ్చు. చివరిది: చెప్పిన పద్ధతిలో తప్ప మరోలా వచ్చే అవకాశం లేదు. 2022లో దీన్ని సవరించి మళ్లీ వెలువరించారు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఐదింటిలో ఏది అని అడగండి. ఆయన రెండోది అంటే మీరు నాలుగోది రాయకూడదు. ఆయన నాలుగోది అంటే, పైనుంచి ఎవరో చెప్పారని రెండోదానికి దించకూడదు. భాష తగ్గించమని వచ్చే ఒత్తిడి ఎక్కువగా ఇక్కడే పనిచేస్తుంది, ఎందుకంటే ఒక్క మాట మారితే చాలు, బయటివాళ్లెవరికీ తెలియదు.

మిగతా విషయాలకు కూడా మీరే మూడు నాలుగు మెట్లు పెట్టుకోండి. “నిర్ధారించాం” అంటే కాగితం కానీ, ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు సాక్షులు కానీ ఉండాలి. “నమ్మడానికి తగిన కారణాలున్నాయి” అనేది ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్లు వాడే స్థాయి, నేరం రుజువైందని దానర్థం కాదు. “సూచనలున్నాయి” అంటే ఇంకా వెతకాలి. ఏ మాటను ఏ అర్థంలో వాడారో నివేదిక మొదట్లో నాలుగు లైన్లలో చెప్పేసి, చివరిదాకా దానికే కట్టుబడండి.

తగ్గించకూడని మాటలు

కొన్నిచోట్ల మెత్తని మాట నేరాన్నే మాయం చేస్తుంది. నా ఉద్దేశంలో ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

కులం పేరుతో తిట్టిన తిట్టు. “అసభ్య పదజాలంతో దూషించారు” అని రాస్తే చదవడానికి మర్యాదగా ఉంటుంది, కేసు మాత్రం పోతుంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, నలుగురికీ కనిపించే చోట కులం పేరు పెట్టి దూషించడం ప్రత్యేక నేరం. ఆ మాట ఏమిటో, ఎక్కడ అన్నారో, వినేచోట ఇంకా ఎవరున్నారో రాయకపోతే ఆ సెక్షన్‌కు ఆధారమే ఉండదు. చెప్పడానికి నోరు రాని మాటే అయినా కొటేషన్లలో పెట్టి ఉన్నదున్నట్టు రాయండి.

నిర్బంధం. “పిలిపించి మాట్లాడారు”, “కౌన్సెలింగ్ ఇచ్చారు”, “విచారణ కోసం ఉంచారు”. రాజ్యాంగం 22(2) అధికరణం ప్రకారం, అరెస్టు చేసినవారిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు ప్రవేశపెట్టాలి. మనిషి తన ఇష్టంతో బయటికి వెళ్లలేని క్షణం నుంచి గడియారం నడుస్తుంది. “పిలిపించారు” అని రాస్తే ఆ గడియారాన్ని మీరే ఆపేసినట్టు. వెళ్లిపోతానంటే పోనిచ్చారా అని సాక్షిని అడగండి, ఆ జవాబు రాయండి.

పోడు. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు నివేదికల్లో “ఆక్రమణదారులు” అనే మాట అలవోకగా పడిపోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉంటున్న ఆదివాసులను, ఇతర సంప్రదాయ నివాసులను ఖాళీ చేయించకూడదు. గిరిజనులకు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి సాగులో ఉందా, దరఖాస్తు పెట్టారా, దాని మీద నిర్ణయం వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. “ఆక్రమణదారు” అంటే ఆ ప్రశ్నకు మీరే తీర్పు ఇచ్చేశారు. “పోడు సాగుదారు” అని రాసి, దరఖాస్తు ఏ దశలో ఉందో చెప్పండి. అలాగే “మొక్కలు నాటే కార్యక్రమంలో స్వల్ప ఉద్రిక్తత” అని రాయొద్దు. ట్రెంచి (కందకం) తవ్వారా, ఎవరి చేనులో, ఎంత పంట పోయింది, ఆ రోజు పత్తి ఏ దశలో ఉంది?

ఎన్‌కౌంటర్. “ఎదురుకాల్పుల్లో మరణించారు” అనే వాక్యంలో అవతలి వైపు నుంచి కూడా కాల్పులు జరిగాయన్న తీర్పు దాగి ఉంది. “పోలీసు కాల్పుల్లో మరణించారు. ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు” అంటే రెండూ వేటికవి విడిగా ఉంటాయి. 2015 ఏప్రిల్ 7న వరంగల్ సెంట్రల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. మృతుల చేతులకు బేడీలున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఈ మూడు వాక్యాల పక్కన ఏ విశేషణం చేర్చినా వాటి బలం తగ్గుతుంది. బేడీల వాక్యాన్ని “సున్నితమైన వివరం” అని తీసేస్తే నివేదికే లేదు.

పేర్లు, గౌరవాలు

ఎస్‌ఐ “గారు”, కలెక్టర్ “వారు”, చనిపోయిన కూలి “అతడు”, అతని భార్య “ఈమె”. మన రాతల్లో ఈ తేడా ఎవరూ గమనించకుండానే దొర్లిపోతుంది. అందరికీ ఆయన, ఆమె అని ఒకే కొలత పెట్టండి, “గారు” ఎవరికీ వద్దు. నేరం రుజువు కానివారిని నిందితుడనే అనాలి. “మావోయిస్టు” అని మీరు రాయకండి, “పోలీసులు మావోయిస్టుగా పేర్కొన్న వ్యక్తి” అనండి. “హత్య” కోర్టు తేల్చేది. “మరణానికి దారితీసిన దాడి” అంటే చాలు.

లైంగిక దాడి బాధితుల పేరు, ఊరు, చదివే బడి, తండ్రి పేరు ఏదీ నివేదికలో రాకూడదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ప్రకారం గుర్తింపు బయటపెట్టడం నేరం, పిల్లల విషయంలో లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం (పోక్సో) సెక్షన్ 23 కూడా ఉంది. తండా పేరు తీసేసి “మండల కేంద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇరవై ఇళ్ల తండా” అని రాసేవాళ్లున్నారు. అది పేరు చెప్పడంతో సమానమే.

లెక్కలు

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండు ఆదివాసుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కలో మృతులు 13 మంది. హక్కుల సంఘాలు, స్థానికులు చెప్పింది అంతకు ఎన్నో రెట్లు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ రెండు లెక్కల మధ్య దూరం అలాగే ఉంది. ఇలాంటిచోట ఒకటి నమ్మి రెండోది వదిలేయకండి, రెండూ కూడి సగం చేయకండి. ఏ లెక్క ఎవరిది, దేని ఆధారంగా అన్నది రాసి, మీరు పేరు పేరునా నిర్ధారించుకున్నవాళ్లు ఎందరో వేరుగా చెప్పండి. మీ సంఖ్య చిన్నదైనా ఫర్వాలేదు. దాన్ని ఎవరూ కదిలించలేరు.

సాక్షి నోటి మాట

మనం తీసేసిన ఆవేశానికి నివేదికలో ఒక చోటు ఉంది. అది సాక్షి వాంగ్మూలం. “మా పిలగాన్ని గుంజుకపోయిండ్రు, నేను కాళ్ల మీద పడ్డ, బూటు కాలుతోని తన్నిండు” అని తల్లి చెప్తే అలాగే రాయండి. దాన్ని “నా కుమారుడిని బలవంతంగా తీసుకువెళ్లారు” అని పుస్తకాల తెలుగులోకి దిద్దొద్దు. దిద్దితే అది ఆమె మాట కాకుండా పోతుంది, “ఇది మీరు చెప్పిందేనా” అని రేపు కోర్టులో అడిగితే ఆమె తడబడుతుంది. పైగా పై వాక్యంలో “తన్నిండు” అని ఏకవచనం ఉంది, తన్నింది ఒక్కడేనని ఆమె చెప్పింది. దిద్దుబాటులో అది పోతుంది.

టైము విషయంలో కూడా అంతే. “పొద్దుగూకినంక” అంటే ఏడు గంటలని మీరే రాసేయకండి. ఆమె మాట అలాగే పెట్టి, పక్కనే “ఆ రోజుల్లో సూర్యాస్తమయం సుమారు ఆరున్నరకు” అని మీ మాటగా చేర్చండి. తేదీ గుర్తులేనివాళ్లు జాతర చెప్తారు, అంగడి రోజు చెప్తారు. మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఏ ఏటి జాతరో అడిగి తెలుసుకోండి. సాక్షి కోయలోనో గోండిలోనో మాట్లాడితే తెలుగులోకి చెప్పిందెవరో, ఆ మనిషికి ఈ కేసుతో సంబంధం ఉందో లేదో తప్పకుండా నమోదు చేయాలి.

అవతలి పక్షం జవాబు

పూర్తయిన చిత్తుప్రతిలోంచి అధికారుల మీద ఉన్న అంశాలను ప్రశ్నలుగా మార్చి, రాతపూర్వకంగా పంపండి. స్టేషన్‌కు, ఎస్పీకి లేదా పోలీస్ కమిషనర్‌కు, అటవీ శాఖ అయితే జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్‌ఓ). సాక్షుల పేర్లు మాత్రం అందులో ఉండకూడదు. జవాబొస్తే కోత పెట్టకుండా చేర్చండి. రాకపోతే “సమాధానం చెప్పకుండా తప్పించుకున్నారు” అనొద్దు. “ఫలానా తేదీన లేఖ పంపాం, ఫలానా తేదీ వరకు జవాబు రాలేదు” అనండి.

తేల్చిన మాట మెత్తగా ఉండాలని లేదు

ఇంత జాగ్రత్త తర్వాత చాలామంది ముగింపు దగ్గర జంకుతారు. “మరింత లోతైన విచారణ అవసరమని భావిస్తున్నాం” అని రాసి ఊరుకుంటారు. సాక్ష్యం ఎక్కడిదాకా తీసుకెళ్తే అక్కడిదాకా వెళ్లాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఘటనపై సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది. 2022లో బయటికి వచ్చిన ఆ నివేదిక, చంపాలనే ఉద్దేశంతోనే వాళ్ల మీద కాల్పులు జరిపారని తేల్చి చెప్పింది. పోలీసుల కథనాన్ని ఒక్కో అంశంగా పరీక్షించిన తర్వాతే ఆ మాట అన్నది. అధికారిక భాషలో అంతకంటే గట్టి వాక్యం ఉండదు, అందులో ఒక్క తిట్టు కూడా లేదు.

సిఫారసుల్లో “కఠిన చర్యలు తీసుకోవాలి” అన్న మాట దండగ. ఎవరు, ఏ నియమం కింద, ఏం చేయాలో రాయండి. కస్టడీ మరణమైతే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 196 కింద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరిగిందా? కస్టడీ మరణం 24 గంటల్లో తనకు తెలియాలని జాతీయ కమిషన్ 1993 డిసెంబర్‌లోనే ఆదేశించింది. తెలిపారా? ఎన్‌కౌంటర్ అయితే 1997 మార్చి 29న కమిషన్ ముఖ్యమంత్రులకు రాసిన లేఖలోని మార్గదర్శకాలు, 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 సూచనలు ఉన్నాయి. ఆ 1997 లేఖకు కదలిక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదులతోనే వచ్చింది. ఈ మార్గదర్శకాల్లో, సూచనల్లో పాటించనిది ఏదో అంకె వేసి చూపించండి.

పంపేముందు

నివేదికను బాధిత కుటుంబానికి పైకి చదివి వినిపించండి. సవరణల్లో పోయిన వివరాన్ని వాళ్లే పట్టుకుంటారు. “ఆ రాత్రి నీళ్లు కూడ ఇయ్యలేదని చెప్పిన గదా, అది లేదేంది?” అని అడుగుతారు. వాళ్లకు భయంగా ఉన్న వాక్యం ఏదైనా ఉంటే, ఉంచాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయమే. అందులో మన పట్టుదలలు పనికిరావు.

ప్రతి చిత్తుప్రతినీ తేదీ వేసి దాచండి. ఏ మాట ఎప్పుడు, ఎవరి సూచన మీద, ఎందుకు మారిందో ఒక పేజీలో రాసుకోండి. మార్చమన్నవాళ్లు నోటిమాటగా చెప్తే, “మీరు సూచించిన మార్పు ఇదే కదా” అని మెసేజ్ పెట్టి రాతలోకి తీసుకురండి. దానికి జవాబివ్వడానికి వెనకాడే సూచనల్ని ఒకటికి రెండుసార్లు పరిశీలించాలి. మార్పు సరైనదే అనిపిస్తే చేయండి. ఆరింటిలో ఒకటి పోతోందనిపిస్తే, సంతకం పెట్టాల్సిన మీరు మీ అసమ్మతిని విడి నోట్‌గా రాసి అదే ఫైల్లో జతచేయండి.

తర్వాత పోస్టుమార్టం నివేదిక నకలు, ఆసుపత్రి రికార్డు, ఫొటోలు, లేఖల నకళ్లకు వరుస నంబర్లు వేసి అనుబంధంగా పెట్టండి. నివేదికలో ప్రతి నీలం గీత వాక్యం పక్కన ఆ నంబరు ఉండాలి. కమిషన్‌కు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఒక పూర్తి ప్రతిని, రసీదు జిరాక్స్‌తో సహా, కుటుంబం చేతికి ఇవ్వండి.